సెలూన్ నేలకు గడ్డం

ఆ రోజు ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. వారపు సెలవు కాబట్టి మామగారి సెలూన్ మూసి ఉంటుంది. పొద్దున్నే పాత నేల తవ్వించి, సాయంత్రానికల్లా కొత్త కాంక్రీటు పోయించి, ఇంటికొచ్చి స్నానం చేసి పడుకోవాలి. ఇందులో ఎవరికీ కష్టం కలిగించే విషయం ఒక్కటీ లేదు. అల్లుళ్ళు వేసే పథకాలన్నీ మొదట్లో ఇలాగే ఉంటాయి.

మామగారికి వీధిలో మంచి పేరుంది. ఆయన కత్తి కింద గడ్డం పెట్టి నిద్రపోయినవాళ్ళున్నారు గానీ, రక్తం చూసినవాళ్ళు లేరు. ఆ కత్తిని ఆయన ఇంకెవరి చేతికీ ఇవ్వరు, తుడవడానికి కూడా ఇవ్వరు. ఆయనకు జీవితంలో ఉన్న శత్రువు ఒక్కటే: సెలూన్ నేల మీది పగులు. అది గుమ్మం దగ్గర మొదలై, కుర్చీల మధ్య వంకర్లు పోయి, పెద్ద అద్దం కిందికి వెళ్ళి దాక్కుంటుంది. కత్తిరించిన వెంట్రుకలు ఏరికోరి అందులోనే పడతాయి. చీపురుకి రావు. రోజూ దుకాణం కట్టేశాక ఆయన పీట వేసుకుని కూర్చుని, దబ్బనంతో ఒక్కొక్కటే పైకి లాగేవారు. రెండుసార్లు సిమెంటుతో పూడ్పించి చూశారు. పూడ్చిన ప్రతిసారీ పగులు మర్యాదగా పక్కకి జరిగి మళ్ళీ విచ్చుకుంది.

ఆ పగులు సంగతి ఆరోగ్యాధికారికి కూడా తెలుసు. సెలూన్లకు లైసెన్సు ఇచ్చేదీ, ఉన్నది ఊడబెరికేదీ ఆయనే. జేబులోంచి తెల్లటి రుమాలు తీసి నేల తుడిచి చూస్తాడు కాబట్టి వీధిలో ఆయన్ని అందరూ తెల్లరుమాలు అంటారు, ఆయన లేనప్పుడు. కిందటిసారి వచ్చినప్పుడు రుమాలు దులుపుకుంటూ ఒకే మాట చెప్పి వెళ్ళాడు. వచ్చే తనిఖీలో నేల మీద ఒక్క వెంట్రుక అంటుకుపోయి కనిపించినా షట్టరు దించుకోవాల్సిందే. ఆ తనిఖీ ఇంకో వారంలో ఉంది. అందుకే మామగారు అల్లుడి సాయం అడిగారు. అంటే అడగలేదు, అత్తగారి చేత అడిగించారు.

అల్లుడు కాంక్రీటు తయారుచేసే ప్లాంటులో ఇంజనీరు. పని బాగా తెలిసినవాడు. అయినా పెళ్ళయిన నాటి నుంచి మామగారి నోట అతను విన్న మాట ఒక్కటే. ఉద్యోగం వచ్చిందని చెబితే, “ఇంతేనా?” అన్నారు. ఇల్లు కొన్నానని చూపిస్తే, గదులన్నీ తిరిగి, కిటికీలోంచి బయటికి కూడా తొంగిచూసి, “ఇంతేనా?” అన్నారు. “మా నాన్న అలా అంటే అది ప్రశ్న కాదండీ, ఆయన ఊపిరి తీసుకునే పద్ధతి,” అని భార్య ఎన్నోసార్లు సర్దిచెప్పింది. అల్లుడికి మాత్రం చచ్చేలోపు ఒక్కసారి ఆయన నోట “బాగుంది” అనిపించుకోవాలని ఉండేది. ఈ నేల అందుకు తగిన అవకాశంలా కనిపించింది.

కాఫీలు తాగుతుండగా అతను విషయం వివరించాడు. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుందనీ, పగులు పుట్టేది అప్పుడేననీ చెప్పాడు. సన్నటి ప్లాస్టిక్ పోగులు వేలకి వేలు అందులో కలిపితే, అవి అడ్డంగా పట్టుకుని పగులుని పుట్టిన చోటే ఆపేస్తాయి. పూర్వం మట్టిగోడల్లో గడ్డి కలిపింది ఇందుకేనని కూడా చెప్పి, జేబులోంచి చిటికెడు పోగులు తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లగా, మెత్తగా, వేలి పొడవున ఉన్నాయి. మామగారు వాటిని చాలాసేపు చూశారు.

“అల్లుడుగారూ,” అన్నారు చివరికి. కోపం వచ్చినప్పుడు ఆయన మర్యాద పెంచుతారు. “నేను ఇన్నేళ్ళూ నేల మీంచి వెంట్రుకలు ఏరాను. మీరు ఏరికోరి నేలలో వెంట్రుకలు కలుపుతానంటున్నారు.”

“ఇవి వెంట్రుకలు కావు మామయ్యగారూ. ఫైబర్.”

“తెల్లవెంట్రుకలు,” అన్నారు మామగారు. అక్కడితో చర్చ ముగిసింది.

మేస్త్రి వచ్చి పాత నేల తవ్వేశాడు. పగులు కూడా ముక్కలై తట్టల్లో వెళ్ళిపోతుంటే మామగారు వీధి చివర దాకా సాగనంపి వచ్చారు. మధ్యాహ్నానికి కాంక్రీటు కలపడం మొదలైంది. అల్లుడు తెచ్చిన పోగుల సంచీ ఒక లారీ కాంక్రీటుకి సరిపడేది. సెలూన్ నేలకి కావలసింది అందులో చిన్న పాలు. ఎంత వెయ్యాలో అతనికి తెలియక కాదు. ఎక్కువైతే ఏమవుతుందో ప్లాంటులో పదిమందికి పాఠం చెప్పినవాడు. మిక్సరు తిరుగుతుండగా, లెక్క ప్రకారం ఒక పిడికెడు తీసి, వేళ్ళతో విడదీసి, చల్లాడు. పోగులు బూడిదరంగు మాలులో పడి మాయమైపోయాయి.

మామగారు మిక్సరులోకి తొంగిచూశారు.

“ఇంతేనా?” అన్నారు.

అటు పక్క నుంచి భార్య కళ్ళతో వద్దని సైగ చేసింది. అతను చూశాడు. చూసి కూడా సంచీ మొత్తం ఎత్తి మిక్సరులో కుమ్మరించాడు. అతి ఏదైనా చేటేనని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ తెలిసిన మాటలు మామగారి ఎదురుగా గుర్తుకు రావు. మిక్సరు ఒక్క క్షణం మూలిగి, మళ్ళీ తిరిగింది.

మేస్త్రి తాపీతో మాలుని నున్నగా చేయబోతే అది నున్నగా కానని మొండికేసింది. ఒక పక్క అణిస్తే ఇంకో పక్క పోగులు లేచి నిలబడ్డాయి. “బొచ్చు తేలుతోంది సార్,” అని మేస్త్రి రెండుసార్లు చెప్పాడు. ఆరాక అదే అణిగిపోతుందని అల్లుడు చెప్పాడు. అలా అణగదని అతనికి తెలుసు. తర్వాత నేలంతా తడి గోనెపట్టాలు కప్పేశారు. వారం రోజులూ నీళ్ళు చల్లుతూ తడి ఆరకుండా చూడాలి. గోనెపట్టాల పుణ్యమా అని ఆ వారం ఇంట్లో అందరూ ప్రశాంతంగా ఉన్నారు, అల్లుడు తప్ప.

తనిఖీకి ముందురోజు ఉదయం పట్టాలు ఎత్తారు.

పగులు ఒక్కటి కూడా లేదు. గుమ్మం నుంచి అద్దం దాకా నేల ఏకశిలలా ఉంది. ఆ ఏకశిల నిండా తెల్లటి గరుకు వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కిటికీలోంచి పడుతున్న పొద్దుటెండలో అవి మెరుస్తున్నాయి కూడా. మామగారు వంగి, కొత్త ఖాతాదారు చెంప చూసినట్టు నేలని అరచేత్తో ఒకసారి నిమిరారు.

“మూడు రోజుల గడ్డం,” అన్నారు. ఆయన కళ్ళు అద్దం పక్కన గోడకి తగిలించిన లైసెన్సు వైపు వెళ్ళాయి. ఇంకేమీ అనలేదు. అల్లుడికి ఆ మౌనం కంటే “ఇంతేనా” నయమనిపించింది. ఆ దుకాణం మూతపడితే మామగారు ఏమవుతారో అతనికి తెలుసు. ఆయనకు ఇంట్లో కూర్చోవడం రాదు.

ముందు చీపురు పట్టారు. చీపురు తగిలేకొద్దీ పడుకున్న పోగులు కూడా లేచాయి. తర్వాత గరుకు కాగితంతో రుద్దారు. పోగులు తెగకుండా చివర్లు విడిపోయి, ఒక్కొక్కటి నాలుగై, నేల మీద నూగులా పరుచుకున్నాయి. అత్తగారు ఒక తివాచీ వేసేద్దామన్నారు. తెల్లరుమాలు ముందు ఎత్తి చూసేది తివాచీనేనని మామగారు గుర్తుచేశారు. ఆ రుమాలు ఈ నేలని తాకితే మళ్ళీ పైకి రాదు, సగం దారిలోనే చిక్కుకుపోతుంది.

అప్పుడు అల్లుడు ప్లంబరు దగ్గరికి వెళ్ళి, పైపులు కాల్చి అతికే గ్యాస్ టార్చి అడిగి తెచ్చాడు. ప్లాస్టిక్ పోగులు వేడికి కరిగిపోతాయి. ఇది నిజమే. తలుపు వెనక మూలలో మంట పెట్టి చూస్తే పోగులన్నీ చటుక్కున ముడుచుకుపోయాయి. అతను ఊపిరి పీల్చుకుని లేవబోతూ ఉండగా, ముడుచుకున్నవన్నీ నల్లటి చిన్న చిన్న ఉండలై నేలకి అతుక్కుని కనిపించాయి.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని పరీక్షించారు. “వెంట్రుకలు పోయి పేలు వచ్చాయి,” అన్నారు.

ఈలోగా పొగ బయటికి వెళ్ళింది. పక్క దుకాణం టైలరు మంచివాడు. పక్కవాడి కష్టాన్ని తన కష్టంలా భావించి, ఆ తర్వాత ఊరందరి కష్టంలా పంచిపెట్టే రకం. ఆయన ఒక బకెట్ నీళ్ళతో పరుగెత్తుకొచ్చి, ఏం కాలుతోందని అడిగాడు. అల్లుడు అబద్ధం ఆడే అలవాటు లేనివాడు కావడంతో, నేల మీది వెంట్రుకలు కాలుస్తున్నానని చెప్పాడు. టైలరు అతని వైపూ, టార్చి వైపూ, మామగారి వైపూ చూసి, నీళ్ళు కుమ్మరించి వెళ్ళిపోయాడు.

సెలూన్‌లో ఇప్పుడు వెంట్రుకలు ఊడవడం మానేసి తగలబెడుతున్నారని టైలరు తన ఖాతాదారుకి చెప్పాడు. ఖాతాదారు మందుల షాపులో చెప్పేసరికి అది మంటతో క్షవరం చేసే కొత్త పద్ధతి అయింది. మందుల షాపు దాటాక ఒకాయనకి కనుబొమలు పోయాయి. ఆ కనుబొమలు ఎవరివో ఎవరికీ తెలియదు గానీ, ఒకావిడ మాత్రం వచ్చి సెలూన్‌లోకి తొంగిచూసి, తన భర్త అక్కడ లేడని నిర్ధారించుకుని వెళ్ళింది. ఆ వెంటనే మామగారి ఫోను మోగింది. తెల్లరుమాలు గొంతు చాలా నెమ్మదిగా ఉంది. సెలూన్‌లో మనుషుల్ని కాలుస్తున్నారని కబురు వచ్చిందనీ, తనిఖీ రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే బయల్దేరుతున్నాననీ చెప్పాడు.

మామగారు ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చున్నారు. ఎప్పుడూ ఖాతాదారులు కూర్చునే కుర్చీ అది. ఆయన అందులో కూర్చోవడం అల్లుడు ఎప్పుడూ చూడలేదు. తప్పంతా తనది, అదీ తెలియక చేసిన తప్పు కాదు, ఒక్క మాటకి ఉడుక్కుని చేసింది. ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా అద్దం కింద అరలోంచి మామగారి కత్తి తీసి, మోకాళ్ళ మీద కూలబడి, నేలని గీకడం మొదలుపెట్టాడు.

ఆ చప్పుడుకి మామగారు లేచి నిలబడ్డారు. ఆయన మొహం చూసి అత్తగారు కూడా లేచారు. కత్తి ముట్టుకున్నందుకు కొడతారేమోననుకుంది భార్య. కానీ ఆయన కోపం అందుకు కాదు.

“నురగ లేకుండానా?” అన్నారు.

అల్లుడు తలెత్తాడు.

“తడపకుండా, నురగ పెట్టకుండా, పొడి గడ్డం మీద కత్తి పెడతావా? ఇలా లే. ఆ గిన్నె పట్టుకో.” “అల్లుడుగారూ” నుంచి “నువ్వు”కి దిగిపోయిన సంగతి ఆయన గమనించలేదు. మిగిలిన ముగ్గురూ గమనించారు.

ఆ తర్వాత జరిగినది ఆ వీధిలో అంతకుముందు జరగలేదు. మామగారు ముందు వేడినీళ్ళ తువ్వాలు నేల మీద పరిచి కాసేపు ఉంచారు. బ్రష్షుతో గుండ్రంగా నురగ పట్టించారు. పోగులు ఏ వైపు వాలి ఉన్నాయో వేళ్ళతో తడిమి చూసుకుని, అటుగానే ఒక్క ఊపున గీశారు. కత్తి వెళ్ళిన దారిలో నేల గాజులా బయటపడింది. కాంక్రీటు మీద కత్తికి బిగించిన బ్లేడు నిలవదు. జానెడు గీయగానే మొండిబారిపోయేది. ఆయన దాన్ని డబ్బాలో పడేసి కొత్తది బిగించుకునేవారు. అల్లుడు గిన్నె పట్టుకుని వెనకే మోకాళ్ళ మీద జరిగాడు. భార్య కొత్త బ్లేడ్ల పొట్లాలు విప్పింది. అత్తగారు తువ్వాళ్ళు పిండారు. అల్లుడు ఒకచోట బ్రష్షు అడ్డదిడ్డంగా తిప్పితే, “చర్మం మండుతుంది,” అని మామగారు కోప్పడ్డారు. తలుపు వెనక మూలలో మాడిన ఉండల్ని మాత్రం అల్లుడే గోటితో గిల్లి తీశాడు. ఎవరు పెట్టిన పేలు వాళ్ళే తీయాలని మామగారు తీర్పు చెప్పారు.

సగం నేల పూర్తయ్యేసరికి గుమ్మంలో నీడ పడింది. తెల్లరుమాలు లోపలికి ఒక అడుగు వేసి ఆగాడు. నురగలో మోకాళ్ళ దాకా ఉన్న ఇద్దరు మగవాళ్ళని చూశాడు. కాలిన మనుషుల కోసం చుట్టూ చూశాడు. కనిపించలేదు.

“ఏం చేస్తున్నారు?” అన్నాడు.

“గడ్డం గీస్తున్నాం సార్,” అన్నారు మామగారు.

“ఎవరికి?”

“నేలకి.”

అధికారి ఆ మాటని కాసేపు నిలబడే అరిగించుకున్నాడు. ఆ తర్వాత ఖాళీగా ఉన్న కుర్చీ దాకా గీసిన నేల మీంచే నడిచి వెళ్ళి, కూర్చుని, కాళ్ళు పైకి పెట్టుకుని, కానివ్వమన్నాడు. సగం గీసిన గడ్డాన్ని వదిలెయ్యమనడం ఆయనకి కూడా ధర్మం అనిపించలేదు. మామగారు మిగిలిన సగాన్ని కూడా తొందరపడకుండా గీశారు. చివర్లో చన్నీళ్ళతో కడిగి, తుడిచి, అలవాటు కొద్దీ కొంచెం పౌడరు చల్లారు.

రుమాలు బయటికి వచ్చింది. అధికారి గుమ్మం దగ్గర తుడిచాడు, కుర్చీల మధ్య తుడిచాడు, అద్దం కింద తుడిచాడు. రుమాలుకి పౌడరు తప్ప ఏమీ అంటలేదు. డబ్బాలో గుట్టగా పడి ఉన్న బ్లేడ్లని చూసి, అవన్నీ ఏమిటని అడిగాడు. జానెడుకొకటి మార్చామని మామగారు చెప్పారు.

“మనిషికో కొత్త బ్లేడు వాడండయ్యా అంటే ఈ ఊళ్ళో సగం దుకాణాలు నాతో దెబ్బలాడతాయి,” అన్నాడు అధికారి. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. లైసెన్సు విషయం ఆ క్షణంలోనే తేలిపోయింది. అక్కడితో ఆయన వెళ్ళిపోయి ఉండవచ్చు. కానీ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అసలు నేలకి ఈ గడ్డం ఎలా వచ్చిందని అడిగాడు. కాంక్రీటులో పోగులు కలిపానని అల్లుడు గిన్నె కింద పెట్టకుండానే చెప్పాడు. పగుళ్ళు రాకుండా ఉండటానికని కూడా చెప్పాడు. అధికారి నేలని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

“ఇంత హంగామా చేసి, ఇంతేనా?” అన్నాడు.

మామగారి మెడ ఎర్రబడింది.

“ఇంతేనా అంటారేంటి సార్?” అన్నారు. “కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. పగులు పుట్టేదే అప్పుడు. ఈ పోగులు దాన్ని పుట్టిన చోటే పట్టి ఆపుతాయి. పూర్వం మట్టిగోడల్లో గడ్డి ఎందుకు కలిపారనుకున్నారు? ఇన్నేళ్ళు దబ్బనం పట్టుకుని కూర్చున్నవాణ్ణి, పగులంటే ఏంటో నాకు తెలుసు. ఈ నేల మా అల్లుడు వేశాడు. దమ్ముంటే ఒక్క పగులు చూపించండి.”

అధికారి సవాలుని సవాలుగానే తీసుకున్నాడు. ప్యాంటు మడిచి, మోకాళ్ళ మీద వంగి, ఫోను వెలుతురులో గుమ్మం నుంచి అద్దం దాకా పాకాడు. పోతూ పోతూ టైలరు తొంగిచూసి ఆ దృశ్యాన్ని కూడా పట్టుకుపోయాడు. పగులు దొరకలేదు. అధికారి లేచి, మోకాళ్ళకి అంటిన పౌడరు తన తెల్లరుమాలుతోనే దులుపుకుని, తన ఇంటి మేడ కూడా పగిలి కారుతోందనీ, అల్లుడిగారిని ఒకసారి పంపగలరా అనీ అడిగాడు. మా అల్లుడికి ఖాళీ ఉండదని మామగారు బదులిచ్చారు.

ఆ రాత్రి అల్లుడికి నిద్ర పట్టలేదు, సంతోషంతో. “మా అల్లుడు” అన్నారని భార్యకి నాలుగుసార్లు చెప్పాడు. ఆవిడ నాలుగుసార్లూ అప్పుడే విన్నట్టు విన్నది.

కానీ కాంక్రీటులో ఉన్నది ఒక సంచీడు పోగులు. చెప్పుల కింద పై పొర అరిగేకొద్దీ అడుగునున్నవి తల ఎత్తుతాయి. వచ్చే సెలవు రోజుకల్లా నేల మళ్ళీ గరగరలాడింది. మామగారు అల్లుడికి కబురు పంపారు, ఈసారి తనే ఫోను చేసి. అతను రాగానే వేడినీళ్ళూ, గిన్నే చూపించి, కత్తి తీసి అతని చేతిలో పెట్టారు. తుడవడానికి కూడా ఎవరికీ ఇవ్వని కత్తి అది. అల్లుడి కళ్ళు చెమ్మగిల్లాయి. అతను తువ్వాలు పరిచి, గుండ్రంగా నురగ పట్టించి, పోగుల వాలు చూసుకుని, గుమ్మం నుంచి అద్దం దాకా గీసి, కడిగి, పౌడరు చల్లి లేచాడు.

మామగారు చెప్పులు విప్పి నేల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచారు. మడమతో ఒకచోట రాసి చూశారు.

“బాగుంది,” అన్నారు.

ఇంకేమైనా అంటారేమోనని అల్లుడు కత్తి పట్టుకుని కాసేపు ఎదురుచూశాడు. తర్వాత అడిగాడు.

“ఇంతేనా?”